కన్నతల్లి చేతిబట్ట

పోయిన వారం అబిగయీలును మనం అద్దం ముందు వదిలిపెట్టి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఆమె ఎదురుగా ఆరేళ్ల లిల్లీ కొత్త గౌను వేసుకుని గిరగిరా తిరుగుతోంది. "అమ్మా, నాకోసరం కుట్టినట్టే ఉండాది చూడు!" అని మురిసిపోతోంది. పిల్ల సంబరపడితే తల్లి నవ్వాలి. అబిగయీలుకు నవ్వు రాలేదు. గౌను కుడిభుజాన్నే చూస్తూ కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూర్చుంది.

కథ మధ్యలో వచ్చి చేరినవాళ్లకు ఆ గౌను సంగతి చెప్పాలి. అది లిల్లీ కోసం కుట్టింది కాదు. కావలిలో ఉన్న ఆడబిడ్డ ఎలిశబెతుకు పెళ్లయి ఇన్నేళ్లయినా పిల్లల్లేరు. ఆమె ఏదో ఆశ్రమం నుంచి ఒక పాపను తెచ్చుకుని పెంచుకోబోతోందని అత్తగారు మగ్దలీనమ్మ వేసవి సెలవుల మొదట్లో చెప్పింది. "తల్లీ తండ్రీ లేని పిల్ల మేయ్. మనింటి నుంచి చేత్తో కుట్టిన బట్ట పోతే బాగుంటది" అంది. ఆ మాటకు కరిగిపోవడానికి అబిగయీలుకు ఎంతోసేపు పట్టలేదు. తను కూడా అలా వేరే ఇంటికి వచ్చిన పిల్లే మరి. మగ్దలీనమ్మ ఆమెకు మేనత్త. తండ్రి పోయాక, ఇప్పటి లిల్లీ అంత వయసులో ఆమెను తడ నుంచి ఈ ఇంటికి తెచ్చి, పెంచి, సూదిలో దారం ఎక్కించడం నేర్పి, ఆఖరికి తన కొడుకు కిషోర్ బాబుకే ఇచ్చి పెళ్లి చేసింది. మేనత్త, పెంచినతల్లి, అత్తగారు, ముగ్గురూ ఒకే మనిషి అయినప్పుడు ఆ మనిషి మాటను అనుమానించడం ఎలాగో అబిగయీలు ఎన్నడూ నేర్చుకోలేదు.

ఆ సెలవులంతా ఇల్లు గుడ్డముక్కలతో నిండిపోయింది. తోటపల్లి గూడూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో, రొయ్యల గుంటల మధ్య ఉన్న ఊరది. మే నెల ఎండలో పిల్లలు బయట చేయగలిగింది ఏమీ ఉండదు. ఉప్పుగాలికి మిషను తుప్పు పట్టకుండా రోజూ నూనె వేయడం పెద్దపిల్ల షారన్ పని. పదేళ్ల షారన్ ఈ సెలవుల్లోనే కాజాలు కుట్టడం నేర్చుకుంది. మొదటి కాజా వంకరపోతే మూతి ముడుచుకుని పొద్దంతా అన్నం మానేసింది. లిల్లీకి సూది ఇవ్వరు కాబట్టి అది సలహాలిచ్చే పని పెట్టుకుంది. ఏ బొత్తాం ఎక్కడ వేయాలో, గుడ్డబొమ్మకు జడ ఒకటి వేయాలో రెండు వేయాలో అదే తేల్చేది. గౌనుకు జేబులు ఎన్నని అడిగితే, "ఆ పాపకి అమ్మ లేదు గదా, రెండు పెట్టమ్మా. ఒకటి చాక్లెట్లకి, ఒకటి ఏడిస్తే తుడుచుకునే కర్చీపుకి" అంది. ఆ మాటకు అబిగయీలు మిషను ఆపి పిల్లను ఒళ్లోకి లాక్కుని ముద్దు పెట్టుకుంది. గౌను, గుడ్డసంచి, రెండు జడల బొమ్మ, పలకకు గలీబు, అన్నీ ఆ ముగ్గురి చేతుల మీదుగా తయారయ్యాయి. అంత సంతోషంగా ఆ ఇంట్లో ఏ బట్టా కుట్టలేదు.

ఇక ఆ భుజం సంగతి. రెండేళ్ల కిందట లిల్లీ గుంట గట్టు మీద నుంచి జారిపడి మెడ కింది ఎముక విరగ్గొట్టుకుంది. అతుక్కుంది గానీ కుడిభుజం ఒక వేలెడు కిందికి వాలింది. చూసేవాళ్లకు తెలియదు. కుట్టేవాళ్లకు మాత్రం తెలుస్తుంది. అప్పటి నుంచి లిల్లీ గౌన్లకు కుడిభుజం కొంచెం వాల్చి కత్తిరించాలి, లేకపోతే మెడ దగ్గర గుడ్డ లేచి నిలబడుతుంది. ఆ ఇంట్లో కత్తిరింపు అత్తది, కుట్టు కోడలిది. ఆశ్రమం పాప గౌను కూడా మగ్దలీనమ్మే కత్తిరించి ఇచ్చింది. "ఎలిశబెతు ఫోన్లో చెప్పింది, మన లిల్లీ అంతే ఉంటదంట" అంది. ఆ ముక్కల్లో కుడిభుజం వాలి ఉండటం అబిగయీలు చూసింది. పెద్దామెకు చెయ్యి వణికిందనుకుంది. కళ్లు కూడా ఆనడం లేదేమో అనుకుని జాలిపడింది. సరిచేస్తే ఆమె మనసు నొచ్చుకుంటుందని, ఉన్నదున్నట్టు కుట్టేసింది. తప్పు కత్తిరింపులో కాదు, ఈమె జాలిలో ఉంది.

ఇప్పుడు అద్దంలో ఆ వాలు భుజం లిల్లీ భుజం మీద అచ్చంగా కూర్చుంది. మెడ దగ్గర ఒక్క మడత లేదు.

"లిల్లీ, అది విప్పి మంచం మీద పెట్టు తల్లీ" అంది అబిగయీలు.

"కొంచేపు ఉంచుకుంటా మా" అని లిల్లీ బొమ్మను చంకన పెట్టుకుని లోపలి గదిలోకి పరుగెత్తింది.

షారన్ మిషను పక్కనే నిలబడి తల్లి మొహం చూస్తోంది. పెద్దపిల్లలకు తల్లి మొహం చదవడం ఒక శాపం.

"మా, నీతో ఒకటి చెప్పాల. తిట్టవు గదా?"

"చెప్పు."

"అవ్వ ఈ గౌను కత్తిరించే ముందు చెల్లి ఆదివారం గౌనును పేపరు మీద పరిచి పెన్సిలుతో గీసింది. నేను చూసినా. నీతో చెప్పొద్దనింది. తనకి కళ్లు సరిగ్గా ఆనడం లేదని తెలిస్తే నువ్వు దిగులుపడతావంట."

అబిగయీలు కూతురి తల నిమిరింది. "నువ్వేం తప్పు చెయ్యలా. చెల్లి దగ్గరికి పోయి కూర్చో" అంది. తర్వాత లేచి పెరటి వైపు నడిచింది.

మగ్దలీనమ్మ పెరటి వసారాలో పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. మనవరాళ్లకు రొయ్యల వేపుడంటే ప్రాణమని, ఆ పని ఎవరికీ ఇవ్వదు. ఆ చేతుల్లో వణుకు లేదు. ఒక్క గిల్లుకు తల, ఇంకో గిల్లుకు పొట్టు వచ్చేస్తున్నాయి. అబిగయీలు ఆ చేతులనే చూస్తూ నిలబడింది.

"అత్తా, ఆ గౌను ఎవురికి?"

మగ్దలీనమ్మ తల ఎత్తలేదు. "మళ్లీ ఏమొచ్చె? చెప్పినా గదా."

"కావలి ఆశ్రమంలో పాపకి కూడా కుడిభుజం వాలిందా?"

రొయ్యలు ఒలిచే చెయ్యి ఆగింది. పెద్దామె అప్పుడు కోడలి మొహంలోకి చూసింది. ఆ చూపులో దొరికిపోయిన భయం కనబడుతుందేమోనని అబిగయీలు ఎదురుచూసింది. భయం ఉంటే బాగుండేది. మగ్దలీనమ్మ మొహంలో ఒక పని ముగిసిన నెమ్మది మాత్రమే ఉంది.

"కూర్చో మేయ్. రేపు ఆరాధన అయినాక నిదానంగా చెప్దామనుకున్నా. సరే, తెలిసింది గదా, ఇప్పుడే విను."

"నిలబడే వింటా."

"ఎలిశబెతు అత్తగారోళ్లు దాన్ని బతకనీడం లేదు. దాని మొగుడు కృపాదానం మంచోడే, వాళ్లమ్మ మంచిది కాదు. ఎవురో ముక్కూమొహం తెలవని పిల్లని తెచ్చి పెడితే ఆయమ్మ గడప దాటనిస్తదా? మన రక్తమయితే నోరు మూసుకుంటది. నీకు ఇద్దురు ఉండారు. దానికి ఒక్కటి లేదు. రెండు కళ్లుండేదానివి, ఒకటి ఇస్తే గుడ్డిదానివి అయిపోతావా?"

"ఏ కన్ను పీకాలో కూడా మీరే చూసుకున్నారన్న మాట" అంది అబిగయీలు. "నన్ను అడిగినారా?"

"అడిగితే ఇస్తావా?"

ఆ మాట ఎంత తేలిగ్గా అంది! కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అంది. అబిగయీలుకు ఒళ్లంతా మండింది. ముప్పై ఏళ్లకు పైగా బతికిన ఇల్లు ఒక్కసారి తనది కాకుండా పోయినట్టయింది.

"ఇయ్యనని తెలుసు. అందుకని నా చేత్తోనే కుట్టించినారు. ఆ గౌను నేను ఎందుకు కుట్టాలనో నాకిప్పుడు తెలస్తా ఉండాది."

చదివేవాళ్లకు కూడా అది తెలియాలి. మగ్దలీనమ్మ పుట్టింటివాళ్లలో ఒక పాత పద్ధతి ఉంది. అయినవాళ్లలో ఒకరి బిడ్డను ఇంకొకరికి పెంపకానికి ఇచ్చేటప్పుడు కన్నతల్లే కొత్త బట్ట కుట్టాలి. సంఘ పెద్దల ముందు ఆ బట్ట తొడిగిన పిల్ల చెయ్యి అవతలి తల్లి చేతిలో పెడతారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. కన్నతల్లి చేతిబట్ట ఒంటి మీద పడ్డాక ఇక ఆ తల్లి మనస్ఫూర్తిగా ఇచ్చినట్టే లెక్క. ఎవరూ ఆమెను నోరు తెరిచి అడగరు, కుట్టిన బట్టే ఆమె మాట. ఆ పద్ధతి ఎవరు పెట్టారో గానీ, బిడ్డను ఇచ్చే తల్లికి ఏడవడానికి కాస్త వ్యవధి, మనసు మార్చుకోవడానికి కాస్త సందు ఉండాలని పెట్టి ఉంటారు. రేపు ఆరాధనలో పిల్ల చెయ్యి మారేదాకా నోరు విప్పకుండా మగ్దలీనమ్మ ఆ సందునే మూసేసింది.

"తడిగుడ్డతో గొంతు కోసినావు అత్తా" అంది అబిగయీలు. "ఆ పిల్లకి అమ్మ లేదని చెప్పి నా బిడ్డల చేత బొత్తాలు ఏరించినావు. నా లిల్లీ ఆ పాప ఏడుస్తదని కర్చీపు జేబు పెట్టించింది. తన ఏడుపుకే పెట్టుకుంటా ఉండాదని దానికి తెలవదే!"

"పెద్ద మాటలు వద్దు. పెంపకమంటే నీకు అంత చిన్నచూపా? నిన్ను నేను పెంచలా? నీకేం తక్కువ చేసినా? మీ అమ్మ రెజీనా ఇట్టా గోల చేసిందా? పసుపు గౌను తన చేత్తో కుట్టి, నవ్వుతా తొడిగి, నీ చెయ్యి నా చేతిలో పెట్టింది. దానికుండే గుండె నీకు లేదు."

రెజీనా పేరు ఆ ఇంట్లో ఇలా పోల్చి దెప్పడానికే వస్తుంది. తల్లి తనను ఇచ్చేసి, తడ దాటి అరవదేశం వైపు పోయి, మళ్లీ ఒక్కసారి కూడా చూడటానికి రాలేదని అబిగయీలు విన్నది. అలాగే నమ్మింది. నమ్మి, చిన్నప్పుడు ప్రార్థనలో కూడా తల్లి పేరు ఎత్తడం మానేసింది. ఇచ్చేసిన తల్లిని క్షమించనందుకే తనకిప్పుడు ఈ శిక్షా అని కూడా అనిపించింది. దుఃఖంలో మనిషి తన మీద తనే నేరాలు మోపుకుంటుంది, అదొక రోగం.

అంతలో ముందు వాకిట్లో బండి ఆగిన చప్పుడైంది. కిషోర్ బాబు గుంటల దగ్గర మేత వేయించి అన్నానికి వచ్చాడు. అబిగయీలు ప్రాణం లేచొచ్చింది. ఎంత చెడ్డా భర్త. లిల్లీ పడి ఎముక విరిగినప్పుడు నెల్లూరు ఆస్పత్రిలో పిల్లను రాత్రంతా భుజాన వేసుకుని తిరిగినవాడు. ఈ కుట్ర తెలిస్తే తల్లి మీద విరుచుకుపడతాడని ఆమె నమ్మకం. లోపల అతను పిల్లలతో మాట్లాడుతున్న గొంతు కాసేపు వినిపించింది. తర్వాత పెరట్లోకి వచ్చాడు. వచ్చి, తల్లి మొహం చూశాడు, భార్య మొహం చూశాడు, కాళ్లకంటిన బురద వైపు చూసుకుంటూ నిలబడిపోయాడు.

అబిగయీలుకు అప్పుడే సగం తెలిసిపోయింది. అయినా అడిగింది. అడగకుండా ఉండటం ఏ ఆడదానివల్ల అవుతుంది?

"నీకు తెలుసా బావా?"

అతను కాలి బురదను వసారా మెట్టుకు రుద్దాడు.

"నిన్నే అడగతా ఉండా. నీకు తెలుసా?"

"కావలిలో మంచి ఇస్కూలుండాది అబీ" అన్నాడు నేల చూపులతో. "అక్క దాన్ని ప్రాణంగా చూసుకుంటది. ఎక్కడికో పోవడం లేదు గదా. మనం ఎప్పుడంటే అప్పుడు పోయి చూడొచ్చు."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"సెలవులకు ముందే అమ్మ చెప్పింది."

సెలవులకు ముందే! అంటే ఈ గౌనుకు చేతులు కుడుతుంటే, లిల్లీ జేబుల గొడవ పెడుతుంటే, షారన్ కాజాలు కుట్టి చూపిస్తే, ఈ మనిషి ఆ మంచం మీదే కూర్చుని టీ తాగుతూ చూశాడు. "బాగుండాదే" అని మెచ్చుకున్నాడు కూడా. ఏ రంగు దారం బాగుంటుందని అడిగితే, నీలం అన్నాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారు, ఆ మాట ఇంతకాలం ఎవరికోసమో అనుకుంది అబిగయీలు.

"నాతో ఒక్క మాట అనాలని అనిపించలేదా నీకు?"

"నువ్వు ఒప్పుకోవని తెలుసు. అందుకే చెప్పలా."

"ఒప్పుకోనని తెలిసే చేసినావా?"

కిషోర్ బాబు చెడ్డవాడైతే ఏదో ఒకటి అరిచేవాడు. అతను చెడ్డవాడు కాదు, తల్లికి ఎదురుచెప్పలేని వాడు. అలాంటివాళ్లు చేసే చెడు చెడ్డవాళ్లు చేసేదానికంటే లోతుగా దిగుతుంది, ఎందుకంటే వాళ్ల మీద మనం కాపలా పెట్టుకోం.

"పాపకి కూడా చెప్పేసినా ఇప్పుడే" అన్నాడు మెల్లగా. "ఏడవలా. మంచిగానే వినింది."

అబిగయీలు ఇంకేమీ వినలేదు. లోపలికి పరుగెత్తింది.

లిల్లీ మంచం మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఉంది. గౌను విప్పలేదు. పక్కనే షారన్ చెల్లెలి నడుము చుట్టూ చెయ్యి వేసి, ఎవరైనా లాక్కుపోతారేమోనన్నట్టు గట్టిగా పట్టుకుంది. షారన్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. లిల్లీ కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి. ఆరేళ్ల పిల్ల కళ్లు అలా ఉండకూడదు.

"నేను ఏడవనమ్మా" అంది లిల్లీ. "ఏడిస్తే నీకు కష్టమంట. నాన్న చెప్పినాడు."

అబిగయీలు పిల్ల ముందు నేల మీద కూర్చుంది.

"నేను బాగా అల్లరి చేసినానా మా? బొత్తాల డబ్బా పారబోసినందుకా?"

"లేదు తల్లీ! కాదు!"

"మరి ఎందుకు ఇచ్చేసినావు?"

"నేనియ్యలా. ఎవురు చెప్పినారు నీకు?"

"నాన్న. అమ్మ ఇష్టపడే ఇస్తా ఉండాది, అందుకే గౌను కూడా అమ్మే కుట్టింది అన్నాడు." లిల్లీ గౌను అంచు వేళ్లతో నలిపింది. "అక్కని ఎందుకియ్యలా? అక్కకి కాజాలు వచ్చని ఉంచుకున్నావా? నేను కూడా నేర్చుకుంటా మా."

షారన్ గొల్లుమంది. అబిగయీలు ఇద్దరినీ కలిపి గుండెకు అదుముకుంది. వాళ్ల నాన్న మీద, వాళ్ల అవ్వ మీద, తన మీద తనకు వచ్చిన కోపమంతా ఆ పట్టులోకి వచ్చింది. పిల్లలకు ఊపిరాడలేదు గానీ ఇద్దరూ కదల్లేదు. ఒక తల్లి దగ్గర నుంచి బిడ్డను తీసుకుపోవడం ఒక అన్యాయమైతే, తల్లే ఇచ్చేసిందని ఆ బిడ్డకు చెప్పడం దానికి పదింతల అన్యాయం. ఆ అబద్ధం పిల్లతో పాటు పెరుగుతుంది. అది ఎలా పెరుగుతుందో అబిగయీలుకు తెలిసినంతగా ఆ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

"నేను చెప్పేది విను లిల్లీ. నిన్ను నేను ఎవురికీ ఇయ్యలా. ఇయ్యను. రేపు గుడిలో ఎంతమంది అడిగినా ఇదే చెప్తా. తెలిసిందా?"

లిల్లీ తల ఊపింది. నమ్మిందో లేదో తెలియలేదు. నాన్న ఒకటి చెప్పాడు, అమ్మ ఇంకొకటి చెబుతోంది. ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చుకోవలసిన వయసా అది?

రేపటి దాకా ఆగాల్సిన అవసరం రాలేదు. వీధిలో కారు హారను మోగింది. ఆదివారం ఉదయం రావలసిన ఎలిశబెతు శనివారం మధ్యాహ్నమే వచ్చేసింది. కృపాదానం కారును నీడలో పెట్టే చోటు వెతుక్కుంటుంటే, ఆమె చెప్పులు గుమ్మంలోనే వదిలి లోపలికి పరుగులాంటి నడకతో వచ్చింది. చేతిలో కొత్త స్కూలు బ్యాగు ఉంది. గౌనులో ఉన్న లిల్లీని చూసి ఆమె నిలువునా ఆగిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"అబీ! నా తల్లీ! ఇంట్లో నిలవలేకపోయినా, అందుకే ఈ రోజే వచ్చేసినా" అంటూ మరదలి ముందు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది. "నీకు ఎన్నిసార్లు ఫోన్ చేద్దామనుకున్నానో తెలుసా? అమ్మ వద్దనింది. కుట్టు ముగిసేదాకా ఆ మాట ఎత్తితే తల్లిమనసు చెదిరిపోతదంట. మీ తల్లీబిడ్డల మధ్య నేనెందుకని ఊరుకున్నా. కానీ నాకు నిద్ర పట్టలా. ఇంత పెద్ద మనసు నీకు ఎట్టా వచ్చింది అబీ?"

అబిగయీలు ఆ మొహంలోకి తేరిపార చూసింది. ఈమె కూడా దొంగేనని ఇందాకటి నుంచి అనుకుంటోంది. ఆ మొహంలో దొంగతనం లేదు. ఏళ్ల తరబడి ఆకలితో ఉన్న మనిషి ముందు విస్తరి వేసినట్టు ఉంది ఆ మొహం. ఎలిశబెతుకు ఏమీ తెలియదు. ఆమెను కూడా వేరే విధంగా మోసం చేశారు. ద్వేషించడానికి ఒక మనిషి తగ్గిపోవడం కూడా ఒక్కోసారి బాధగానే ఉంటుంది.

పెరటి గుమ్మంలో మగ్దలీనమ్మ, ఆమె వెనక కిషోర్ బాబు వచ్చి నిలబడ్డారు. మగ్దలీనమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ, "చాల్లే ఎలిశబెతూ. పాపని తీసుకోని ముందు కారు దగ్గరికి పో. ప్రార్థన రేపు చేసుకోవచ్చు" అంది.

"ఉండు అమ్మా." ఎలిశబెతు కదల్లేదు. "బట్ట ఒక్కటీ చాలదు నాకు. అబీ, నీ నోటితో ఒక్కసారి చెప్పు. ఇష్టపడే ఇస్తా ఉండానని చెప్పు. ఆ ఒక్క మాట వింటే ఈ పిల్లని కడుపున పుట్టినట్టు పెంచుకుంటా."

కిషోర్ బాబు కళ్లతోనే భార్యను బతిమాలుతున్నాడు. కాదంటే ఈ ఇంట్లో తన చోటేమిటో అబిగయీలుకు తెలుసు. పుట్టిల్లూ ఇదే, మెట్టిల్లూ ఇదే. అలిగి పోవడానికి ఇంకో గడప లేదు. లిల్లీ అమ్మ మొహం వైపు చూస్తోంది, ఏ మాట నిజమో ఇప్పుడు తెలుస్తుందన్నట్టు.

"నేనియ్యలా వదినా" అంది అబిగయీలు. "నన్నెవురూ అడగలా. నువ్వు ఆశ్రమం నుంచి పాపని తెచ్చుకుంటా ఉండావని చెప్పి, ఆ పాపకని నా చేత ఈ గౌను కుట్టించినారు. ఇది నా బిడ్డకని నాకు ఇందాకే తెలిసింది. నువ్వు ఏడిస్తే నాకు కడుపు తరుక్కపోతది. అయినా నేను ఇయ్యను."

ఎలిశబెతు చేతులు మెల్లగా జారిపోయాయి. ఆమె ఏడవలేదు. మరదలిని తిట్టలేదు. మోకాళ్ల మీదే వెనక్కి తిరిగి తల్లి వైపు చూసింది.

"మళ్లీనా అమ్మా?" అంది.

"నోరు మూసుకో ఎలిశబెతూ."

"రెజీనత్తకి చేసిందే దీనికి కూడా చేసినావా? ఆయమ్మకి కూడా ఎవురికో అని చెప్పే గదా ఆ పసుపు గౌను కుట్టించింది?" ఎలిశబెతు లేచి నిలబడింది. గొంతు పెరిగింది. "నాకు గుర్తుండాది. ఆయమ్మ మన గేటు పట్టుకోని నా బిడ్డని ఇయ్యండని పొద్దుగూకేదాకా ఏడ్చింది. పాప ఊళ్లో లేదని నా చేత అబద్ధం చెప్పించినావు. ఒకసారి కాదు, వచ్చిన ప్రతిసారీ చెప్పించినావు. చిన్నదాన్ని, నువ్వు చెప్పమంటే చెప్పినా. ఆ పాపం తగిలే నా కడుపు ఎండిపోయిందని ఇన్నేళ్లూ ఎవురికీ చెప్పుకోలేక ఏడస్తా ఉండా. నాకు ఇంకో తల్లి ఉసురు తెచ్చిపెడతావా?"

మగ్దలీనమ్మ మొహంలో రక్తం లేదు. ఇందాక పెరట్లో ఆ మొహం మీద కనబడని భయం ఇప్పుడు కనబడింది.

అబిగయీలు చెవులకు ఆ మాటలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేరుతున్నాయి గానీ లోపలికి దిగడానికి సమయం పట్టింది. తల్లి వచ్చింది. గేటు దాకా వచ్చింది. తను లోపల ఏ గదిలోనో బొమ్మలతో ఆడుకుంటున్నప్పుడు, ఇచ్చేసిందని తను తిట్టుకుంటున్నప్పుడు, ఆమె బయట నిలబడి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. ఒక్కసారి కాదు.

లిల్లీ చెయ్యి వదలకుండానే ఆమె లేచి అత్తగారి ఎదురుగా నిలబడింది.

"మా అమ్మ యాడుండాది?" అని అడిగింది.